అక్క వస్తేనే కదిలే బండి

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. భార్యను బండి వెనుక ఎక్కించుకోవాలి, ఆమె పనిచేసే ఆసుపత్రి దగ్గర దింపాలి, దారిలో పెట్రోలు పోయించుకుని తన క్లినిక్కు చేరుకోవాలి. లోకంలో లక్షలమంది మొగుళ్ళు ఏ ప్రణాళికా లేకుండా రోజూ చేసే పనే ఇది. కాకపోతే వాళ్ళ దగ్గర అలాంటి బండి ఉండదు.

అది అమెరికా క్రూయిజర్ మోటార్‌సైకిలు. అక్కడివాళ్ళ తాతలు నడిపిన బండ్ల మీద ముచ్చటపడి, మళ్ళీ అదే వాలకంలో తయారుచేసినది. ఒళ్ళంతా క్రోమియం మెరుపు, రెండు పక్కలా తోలు సంచులు, సోఫాను తలపించే సీటు. చూడటానికి తాతగారే గానీ లోపలంతా కొత్త కాలం. దానికి తాళంచెవి లేదు, అగ్గిపెట్టెలో సగం ఉండే ఒక నల్లటి బిళ్ళ ఉంది. ఆ బిళ్ళ దగ్గరలో ఉంటే మీట తిప్పగానే బండి లేస్తుంది. దగ్గర లేకపోతే లేవదు సరికదా, ఎవరైనా కదిపితే సైరన్ మోగిస్తుంది. అయితే ఒకసారి స్టార్టయ్యాక బిళ్ళ ఉన్నా లేకపోయినా ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. కథంతా ఈ ముక్కలోనే ఉంది కాబట్టి పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పళ్ళ డాక్టరు పెట్టుకోలేదు.

ఆయనకు ఆ బండంటే ప్రాణం. పొద్దుటి నుంచి సాయంత్రందాకా జానెడైనా లేని నోళ్ళలోకి వంగి తొంగిచూసే మనిషికి, ఆ సీటు మీద కూర్చుంటేనే ఆకాశం ఎంత పెద్దదో గుర్తుకొచ్చేది. ఆ భాగ్యం కాస్తా ఇప్పుడు దారం మీద వేలాడుతోంది. కొన్నప్పటి నుంచి బండి మూడుసార్లు ఆగిపోయింది. మొదటిసారి ఇంజను ఆపే ఎర్ర మీటను తానే నొక్కి మరచిపోయాడు. రెండోసారి పక్కింటివాళ్ళు చూస్తారని లైట్లు వేసి వదిలేస్తే బ్యాటరీ దిగిపోయింది. మూడోసారి మాత్రం పాపం నిజంగానే ఒక వైరు ఊడింది. సర్వీసు మేనేజరు మూడుసార్లూ బండిని తెప్పించి, బాగుచేసి, కారణాలు బయటికి పొక్కకుండా తన కడుపులోనే దాచుకున్నాడు. అందుకని భార్యకు తెలిసినదల్లా ఒక్కటే, బండి ఆగిందని.

ఆమె ఆసుపత్రిలో హెడ్ నర్సు. సహనానికి హద్దులుంటాయని రోగులకు మందులతోపాటు చెప్పే మనిషి. "ఇంకొక్కసారి ఆగిందంటే మా తమ్ముడికి ఇచ్చేద్దాం" అని తీర్పు చెప్పేసింది. ఆ తమ్ముడు, అంటే డాక్టరుగారి బావమరిది, బండి ఆగిన ప్రతిసారీ పరామర్శకు ఫోన్ చేసేవాడు. "అక్కా, బావకి ఆ బండి ఎందుకే, నాకివ్వమను, నేను చూసుకుంటా" అనేవాడు, అనాథ పిల్లను పెంచుకుంటానన్నంత జాలిగా.

అందుకే ఆ రోజు ప్రయాణం పరీక్షలాంటిది. బండి ఒక్క మీటతో లేచింది. గేటు దగ్గర తోలు జాకెట్టు జిప్పు సరిగ్గా పడక, డాక్టరు జేబులోంచి నల్ల బిళ్ళ తీసి వెనక్కి చాచాడు.

"ఇది కాస్త నీ బ్యాగులో వెయ్యి."

ఆమె చూడకుండానే అందుకుని బ్యాగులో వేసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే తంతు. ఆయన జేబులో బరువనిపించినవన్నీ ఆమె బ్యాగులోకి చేరతాయి. కళ్ళజోడు, దువ్వెన, లైసెన్సు, ఎవరో ఇచ్చిన పెళ్ళిపత్రిక, అన్నీ. ఇచ్చినట్టు ఆయనకు గుర్తుండదు, పుచ్చుకున్నట్టు ఆమెకు గుర్తుండదు. ఆ కాపురం అంత సాఫీగా నడవడానికి అదొక కారణం.

ఆసుపత్రి గేటు దగ్గర ఆమె దిగింది. ఏదో అనబోయి, గడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నాలుగడుగులు వేయగానే ట్యాంకు మీది డయల్లో ఒక చిన్న పసుపు దీపం వెలిగింది. బండి తనను మెచ్చుకుంటోందని డాక్టరు అనుకున్నాడు.

పెట్రోలు బంకులో బండి ఆపాడు. ట్యాంకు నిండాక మీట తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. వెనకున్న కారు హారన్ కొట్టింది. సరే, పక్కకు జరుపుదామని రెండు చేతులా పట్టుకుని నెట్టాడో లేదో, బండి సైరన్ ఎత్తుకుంది. బంకులో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"బండి మీదేనా సార్?" అన్నాడు పెట్రోలు పోసిన మనిషి.

"నాదే."

"కాగితాలున్నాయా?"

"మా ఆవిడ బ్యాగులో ఉన్నాయి."

"లైసెన్సు?"

"అదీ అక్కడే ఉంది."

ఆ మనిషి పంపును తగిలించి, డాక్టరుకూ రోడ్డుకూ మధ్య నిలబడ్డాడు. డాక్టరు ఫోన్ తీశాడు. భార్యకు ఫోన్ చేస్తే బండి పోయినట్టే. పైగా డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె బ్యాగూ ఫోనూ లాకరులోనే ఉంటాయి. ఆ లాకరుకు మనసులోనే దండం పెట్టుకుని సర్వీసు మేనేజరుకు ఫోన్ చేశాడు.

"చెప్పండి డాక్టరుగారూ, ఈసారి ఎక్కడున్నారు?" అన్నాడు మేనేజరు, చుట్టాన్ని తీసుకురావడానికి స్టేషనుకు బయలుదేరుతున్నవాడిలా.

"బంకులో ఉన్నాను. అస్సలు ఉలుకూ పలుకూ లేదు."

"ఎర్ర మీట చూశారా?"

"చూశానండీ."

"ఏమనుకోకండి, తాళంబిళ్ళ మీ దగ్గరే ఉంది కదా?"

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా" అంటూ డాక్టరు జాకెట్టు మీద తట్టుకున్నాడు. లోపల గట్టిగా, పలకగా తగిలింది. "ఉందండీ, జేబులోనే ఉంది."

ఆ తగిలినది పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం డబ్బీ. రోగులకు చూపించడానికి పళ్ళ డాక్టర్లు జేబులో వేసుకు తిరుగుతారు. సైజూ బరువూ అచ్చం బిళ్ళలాగే ఉంటాయి. ఇంకే వృత్తివాడైనా ఈ పొరపాటు చేయడానికి అవకాశం తక్కువ.

మేనేజరు ఆలస్యం చేయకుండా లారీ పంపాడు. బండిని పైకెక్కించి కట్టారు. గతుకు పడినప్పుడల్లా సైరన్ మోగుతూనే ఉంది. డాక్టరు డ్రైవరు పక్కన కూర్చుని, ఎవరైనా గుర్తుపడతారేమోనని హెల్మెట్ తీయలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, షోరూముకు వెళ్ళే దారి ఆసుపత్రి ముందు నుంచే. సైరన్ విని ముందున్న కార్లన్నీ పక్కకు తప్పుకున్నాయి. బస్సు ఒకటి తప్పుకోలేక రోడ్డుకు అడ్డంగా ఇరుక్కుంది. ఖాళీగా మిగిలిన దారి ఒక్కటే, ఆసుపత్రి గేటు. సైరన్ వినిపిస్తే తల ఎత్తకుండానే గేటు తీయడం అక్కడి కాపలాదారుకు అలవాటు. తీశాడు. వెనక హారన్ల గోల తట్టుకోలేక డ్రైవరు లారీని లోపలికి పోనిచ్చాడు.

అత్యవసర విభాగం ముందు లారీ ఆగేసరికి వార్డు మనుషులిద్దరు స్ట్రెచర్‌తో సిద్ధంగా ఉన్నారు.

"పేషెంటు ఎవరు?"

డ్రైవరు బొటనవేలితో వెనక్కి చూపించాడు. వాళ్ళు బండిని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే వరండా చివర హెడ్ నర్సు కనిపించింది, ఇటే వస్తోంది. కిందికి దిగి నిలబడిన డాక్టరుకు దాక్కునే చోటు కనిపించలేదు. పరిగెత్తుదామంటే బూట్లు బరువు. ఇక మరో ఆలోచన లేకుండా, హెల్మెట్‌తో సహా స్ట్రెచర్ మీద పడుకున్నాడు.

ఆమె వచ్చి ముందు చెయ్యి పట్టుకుని నాడి చూసింది. "బాగా కొట్టుకుంటోంది. భయపడినట్టున్నారు" అంది వార్డు మనుషులతో. తరవాత పై నుంచి కిందికి పరీక్షగా చూస్తూ పాదాల దగ్గర ఆగింది. ప్యాంటు పైకి జరిగి మేజోళ్ళు కనిపిస్తున్నాయి. ఒకటి నీలం, ఒకటి గోధుమరంగు.

"ఏమండీ, లేవండి."

ఆయన లేచి కూర్చున్నాడు. అద్దం పైకెత్తాడు. వార్డు మనుషులు గోడమీది గడియారాన్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.

"బండి ఆగిందా?"

"ఆగలేదోయ్. అంటే, కదల్లేదు."

"రెండూ ఒకటే."

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. కేకలు వేసి ఉంటే డాక్టరుకు కాస్త బాగుండేది. ఆ పూటకు సెలవు పెట్టి, లాకరులో బ్యాగు తీసుకోవడానికి లోపలికి వెళ్ళి, కాస్త ఆలస్యంగానే తిరిగొచ్చింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. "ఒరేయ్, షోరూముకి వచ్చెయ్యి. ఆఁ, బండి సంగతే" అంటోంది. డాక్టరు కళ్ళముందు ఆకాశం మళ్ళీ జానెడైపోయింది. ఆమె లారీ ఎక్కి కూర్చున్నాక సైరన్ మరి మోగలేదు. ఎన్ని గతుకులొచ్చినా కిక్కురుమనలేదు. ఆమె ముందు గొంతెత్తకపోవడం ఆయనకు అలవాటైన సంగతే కాబట్టి, ఇందులో వింతేముందో ఆయనకు తోచలేదు.

షోరూములో హెడ్ మెకానిక్ బండిని లోపలికి తీసుకెళ్ళాడు. ఆమె తమ్ముడి కోసం బయట మెట్ల మీదే నిలబడింది. మెకానిక్ మీట తిప్పాడు, లేవలేదు. బ్యాటరీ మార్చాడు, లేవలేదు. మధ్యమధ్య సైరన్ మోగుతున్నా సీటు విప్పి వైర్లన్నీ ఒక్కొక్కటే పట్టి చూశాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వ్యవహారం, చంక బయట మెట్ల మీదుండటం ఒక్కటే తేడా. చివరికి "ఇది నా వల్ల కాదు సార్, కంపెనీకి రాయాలి" అన్నాడు మేనేజరుతో, మళ్ళీ మీట తిప్పుతూ.

సరిగ్గా అప్పుడే ఆమె లోపలికి వచ్చింది. ఇంజను గుభేలుమని లేచింది. మెకానిక్ చేతిలోని స్పానర్ కిందపడింది.

"బాగైపోయిందే" అంది ఆమె. ఇంజను ఆపారు. ఆమె బయటికి వెళ్ళింది. మెకానిక్ మీట తిప్పాడు, లేవలేదు. "మంచినీళ్ళు ఎక్కడండీ?" అంటూ ఆమె మళ్ళీ వచ్చింది. లేచింది.

"నా దగ్గరికొచ్చేవాళ్ళూ ఇంతే. ఇంటి దగ్గర రాత్రంతా నొప్పంటారు, కుర్చీలో కూర్చోగానే మాయమంటారు" అన్నాడు డాక్టరు, మాటవరసకు. ఎవరూ నవ్వలేదు.

ఇంతలో బావమరిది దిగాడు. కొత్త చేతి తొడుగులు కూడా వేసుకొచ్చాడు. "బావా, బాధపడకు, వారం వారం వచ్చి చూసుకో" అంటూ సీటు మీద సర్దుకున్నాడు. అక్క చిరునవ్వు నవ్వి మెట్ల మీదికి వెళ్ళింది. బావమరిది మీట తిప్పాడు. బండి పలకలేదు. కాలితో ముందుకు జరపబోయాడు. సైరన్ అందుకుంది. హడలిపోయి కిందికి దూకాడు.

మేనేజరు డాక్టరు వైపు తిరిగి, "ఆ బిళ్ళ ఒకసారి ఇవ్వండి" అన్నాడు మెల్లిగా. డాక్టరు జేబులోంచి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. పుదీనా వాసన వేసింది. ఇద్దరూ ఆ దారం డబ్బీని చూశారు. మేనేజరు దాన్ని చూసి, అద్దంలోంచి బయట మేడమ్ భుజానికున్న బ్యాగు చూసి, డాక్టరు పిడికిలిని తన చేత్తోనే మూసేశాడు.

"ఏమిటండీ దీని రోగం?" అని అరిచాడు బావమరిది, సైరన్ మీదుగా.

"మేం చూసినంతవరకూ చెప్తాను సార్. మేడమ్ దగ్గరుంటే లేస్తుంది, లేకపోతే లేవదు" అన్నాడు మేనేజరు. అందులో అక్షరం అబద్ధం లేదు.

అక్క లోపలికి వచ్చింది. సైరన్ ఆగింది. మీట తిప్పితే ఇంజను లేచింది. బావమరిది ఒక్కో వేలే లాగుతూ తొడుగులు విప్పుకున్నాడు.

"అక్కా, నాకొద్దే ఈ బండి. మీ ఇంట్లోనే ఉండనీ."

"ఊరికే ఇస్తామురా."

"ఊరికే ఇచ్చినా వద్దు" అంటూ వాడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

డాక్టరు భార్య దగ్గరికి నడిచాడు. పిడికిలి విప్పి చూపించాడు. "నాదే తప్పోయ్. బండి మంచిదే, పొద్దున బిళ్ళ నీకు..."

ఆమె బ్యాగులో చెయ్యి పెట్టి, వెతుక్కోకుండా, నల్ల బిళ్ళ తీసి ఆయన అరచేతిలో దారం డబ్బీ పక్కన పెట్టింది.

"లాకరు దగ్గర ఫోన్ తీస్తుంటే చేతికి తగిలింది. సంగతి అప్పుడే అర్థమైంది."

"మరి అక్కడే చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏమవుతుంది? బండిలో లోపం లేదని తెలిస్తే మావాడు జన్మంతా అడుగుతూనే ఉంటాడు. ఇప్పుడు ఇక అడగడు." ఆమె సీటు మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగింది. "పొద్దున మీతో వచ్చినప్పుడు మొహానికి గాలి తగిలింది. ఏళ్ళ తరబడి ఆ వార్డుల్లో తిరిగీ తిరిగీ, పొద్దుటిపూట గాలి ఎలా ఉంటుందో మర్చిపోయానండీ. గేటు దగ్గర అదే చెప్దామనుకున్నాను, టైమయిపోయింది."

పళ్ళ డాక్టరు కళ్ళు చెమర్చాయి. హెల్మెట్ లేకపోవడం వల్ల అది అందరికీ కనిపించింది. భార్యకు ఏం చెప్పాలో తెలియక ముందు మేనేజరు చేతులు పట్టుకుని, "మీ మేలు మరచిపోను" అన్నాడు. "మాదేముంది సార్, ఈసారి మేం ఏమీ బాగుచేయలేదు కదా" అన్నాడాయన. తరవాత భార్య వైపు తిరిగి, పెళ్ళయ్యాక మొదటిసారి, "చాలా థాంక్సోయ్" అన్నాడు. ఆమె "ఎక్కండి, టైమవుతోంది" అంది గానీ, వెనక కూర్చున్నాక ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ సాయంత్రం వాళ్ళు ఇంటికి కావాలనే చుట్టుదారిన వెళ్ళారు.

ఆ బండి సంగతి ఎక్కడ వచ్చినా, అది మా అక్క మాట తప్ప ఎవరి మాటా వినదని బావమరిది ఇప్పటికీ చెబుతాడు. బండి విషయం ఏమోగానీ, ఆ ఇంట్లో అలాంటి ప్రాణి ఒకటుందన్నది మాత్రం నిజమేనని పళ్ళ డాక్టరు ఒప్పుకుంటాడు.