కొలతలక్క మూడవ దండయాత్ర

వినండి, వరుసలో నిలబడి కాళ్లు పీకిన సమస్త జనులారా! ఆరోగ్య బీమా నమోదుకు సాయంత్రం ఐదింటితో గడువు ముగిసే ఆఖరి దినాన, గోడగడియారపు ముళ్లు రెండున్నర అనే ఘోరముహూర్తాన్ని ప్రకటిస్తుండగా, నాలుగు ఫ్యాన్లలో ఒక్కటే తిరిగే బీమా కార్యాలయ మహాప్రాంగణంలోకి, సూచికాశస్త్రధారిణి, సహస్రజాకెట్లనిర్మాత్రి, కంఠసీమన కొలతటేపును జయమాలికగా ధరించిన దర్జీ వనిత, వీధి మొత్తం కొలతలక్క అని పిలిచే ధీర, మూడవసారి దండెత్తి వచ్చింది.

తొలి దండయాత్రలో రెండు గంటలు నిలబడి కిటికీ చేరితే, అవతలి గుమాస్తా "జిరాక్సు ఏదమ్మా?" అనే ఒక్క బాణంతో నేలకూల్చాడు. మలిసారి జిరాక్సు కవచం తొడుక్కుని వస్తే, "ఫొటో వెనకాల సంతకమేదీ?" అనే గద దిగింది. ఓడినవారు వరుస తోకకు పోవలెనన్నది ఆ రణభూమి ధర్మం. నేడూ ఓడితే నాన్న హెర్నియా ఆపరేషను ఇంకో ఏడాది ఆగాలి. బల్ల మీద కూర్చున్న నాన్న ఇప్పటికే ప్రతి తుమ్మునూ పొట్ట పట్టుకుని ఆపుతున్నాడు.

వరుసలో ఆమె నలభై ఒకటో యోధురాలు. ముందున్నవారు కిటికీ చేరడం, కూలడం, తోకకు మళ్లడం చూసి ఆమె కనుబొమలు ధనుస్సులయ్యాయి.

"నాన్నా, వీళ్లు గుడ్డ కత్తిరించాక కొలత తీస్తున్నారు!"

"నీ షాపులో ఎవరైనా అలా చేస్తే?"

"చెయ్యి విరగ్గొడతాను."

"ఇక్కడ విరగ్గొట్టకు తల్లీ. ఆ చేత్తోనే ఆయన మనకి స్టాంపు వెయ్యాలి."

అంతట ఆ వీరాంగన తన స్థానంలో కత్తెర సంచిని ప్రతినిధిగా నిలిపింది.

"సంచి నిలబడితే ఎలా అక్కా?" అన్నాడు వెనకున్న పాలాయన.

"ముందుకు తోస్తూ ఉండు తమ్ముడూ. నాకంటే తేలిక."

వరుస తోకకు నడిచి, దర్జీ సుద్దతో నేల మీద నాలుగు గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఫారం, జిరాక్సు, ఫొటో, సంతకం అని రాసి, సింహనాదం చేసింది.

"ఎవరూ కదలొద్దు! జిరాక్సు లేనివాళ్లు ఇప్పుడే పరుగెత్తండి, కిటికీ దగ్గర ఏడవకండి! సంతకం లేనివాళ్లు పెన్ను తీయండి! పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లని బతిమాలండి!"

తోక నుంచి మొదలుపెట్టి వరుస తల దాకా ఆమె చేతి గుండుసూదులు కాగితాలను క్రమంలో గుచ్చుతూ పోయాయి. వరుస ఝంఝామారుతమై కదిలింది. తిప్పి పంపడానికి ఒక్క తప్పూ దొరకని గుమాస్తా, నిరాయుధుడై, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎవరమ్మా నువ్వు, ఆఫీసు నేల మీద రాతలేంటి?"

"తుడిస్తే పోతాయి సార్. అందుకే సుద్దతో రాశాను."

నాలుగూ యాభై ఐదుకు ఆమె వంతు వచ్చింది. గుమాస్తా ఫారాన్ని తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"ఫొటో వెనకాల సంతకం?"

"ఉంది సార్. ఊడిపోకూడదని గట్టిగా అంటించేశాను."

"కనబడాలి కదమ్మా!"

పాలాయన సంచిని గుండెలకు హత్తుకున్నాడు. అందరి కాగితాలూ చూసిన కొలతలక్క తన కాగితం చూసుకోలేదు! తడబడక, ఆ సంచిలోంచి సన్నసూదిని వరలోని ఖడ్గంలా దూసి, పెళ్లిచీర జాకెట్టుకు కుట్టు విప్పేటంత ఓర్పుతో, జిగురుకూ ఫొటోకూ నడుమ నడిపించింది. ఫొటో చిరగలేదు. వెనకాల నాన్న వంకర సంతకం అక్షరం చెదరకుండా వెలిగింది.

ఠప్! నాలుగూ యాభై తొమ్మిదికి స్టాంపు పడింది. వేలెడంత రసీదు చేతికొచ్చింది. బల్ల మీద నాన్న, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, ఎన్నాళ్లుగానో ఆపిన తుమ్ము ఒకటి జాగ్రత్తగా తుమ్మాడు.

ఐదు దాటినా, వెనకున్నవారి సిద్ధమైన కాగితాలన్నిటికీ ఠపఠపా స్టాంపులు పడ్డాయి. అటెండరు తడిగుడ్డతో వచ్చి సుద్దగీతల వైపు వంగాడు.

"ఆగవయ్యా!" అన్నాడు గుమాస్తా, తాళం వేస్తూ. "వచ్చే ఏడాదికి పనికొస్తాయి."

జనులారా, శంఖాలు ఊదండి: తడిగుడ్డ వెనుదిరిగింది!