రాణిగారి తొమ్మిది నిమిషాలు

భార్య చేత తిట్లు తినడానికి ఒక మనిషి పదిహేడు రోజులు శ్రమించి విఫలమైన సందర్భం చరిత్రలో మరొకటి ఉన్నదో లేదో తెలియదు. బూజుబాబు విషయంలో మాత్రం అది జరిగింది.

బూజుబాబు అన్నది అతని పేరు కాదు, హోదా. పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. మిగిలిన వేళల్లో ఇంటి వెనక గదిలో కూర్చుని, లోకం మరిచిపోయిన సినిమాల క్యాసెట్లకు పట్టిన బూజును దూదితో, స్పిరిట్‌తో తుడిచేవాడు. లోకం వాటిని మరిచిపోవడానికి తగిన కారణాలే ఉన్నాయని అతని భార్య అభిప్రాయం.

ఆమె వినికిడి లేని పిల్లల బడిలో టీచరు. ఆదివారాలు ముగ్గురు పిల్లలు ఇంటికే వచ్చి పాఠం చెప్పించుకునేవారు. పాఠానికి వెలుతురు కావాలి. వెలుతురు రావడానికి వెనక గదిలో కిటికీ ఉంది. కిటికీకి అడ్డంగా అలమార ఉంది. అలమార నిండా నాలుగు వందల పన్నెండు క్యాసెట్లు ఉన్నాయి. ఈ సమస్య అయిదేళ్లుగా అక్కడే ఆగి ఉంది.

ఇంతలో పాత సినిమాల సంఘం అధ్యక్షుడు, రిటైరైన స్టేషన్ మాస్టరు, 'డబ్బాల రాజు' క్యాసెట్టును అతని చేతిలో పెట్టాడు. లోకంలో మిగిలింది ఆ ఒక్క ప్రతే. చంద్రలోకంలో ఒక రాజు అంతఃపురమంతా డబ్బాలు పేరుస్తాడు. రాణి వచ్చి రాజును తొమ్మిది నిమిషాలు ఏకధాటిగా కడిగేస్తుంది. డబ్బాల్లో ఏముందో ఆ తిట్లలోనే తెలియాలి. టేపు పై అంచున శబ్దం ఉండే సన్నని పట్టీని సరిగ్గా అక్కడే బూజు తినేసింది.

డబ్బాల్లో ఉన్నవి మేఘాలని స్టేషన్ మాస్టరు ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాడు. శత్రువుల పళ్లని సంఘంలోనే ఉన్న పళ్ల డాక్టరు వాదిస్తున్నాడు. ఇద్దరికీ మాటలు లేవు.

"ఇరవై రోజులు టైమిస్తున్నా. రాణిగారి చేత మాట్లాడించావా, సంఘం సభలో నీ పేరు మీదే సినిమా ఆడిస్తా. లేదా, క్యాసెట్టు డాక్టరుకి ఇచ్చేస్తా," అన్నాడు స్టేషన్ మాస్టరు.

అసలు మాటలు ఎలాగూ దొరకవు. కావలసింది రాణి పెదవులకు అతికించడానికి ఒక ఆడగొంతు, తొమ్మిది నిమిషాల నిఖార్సైన కోపం. నటించమంటే భార్య నవ్వుతుంది. కాబట్టి నటన లేకుండానే రాబట్టాలి. బూజుబాబు చిన్న రికార్డరును వంటింట్లో పంచదార డబ్బా వెనక దాచి, తిట్లకు అర్హత సంపాదించే పనిలో పడ్డాడు.

మొదటిరోజు తడి తువ్వాలును మంచం మీద పడేశాడు. ఆమె చూసింది, అటు తిరిగి పడుకుంది. తువ్వాలు అతని వైపునే ఉండటం వల్ల తెల్లారేదాకా దాని మీదే పడుకున్నాడు.

నాలుగోరోజు పొయ్యి పక్కనే నిలబడి పాలు పొంగనిచ్చాడు.

"పాలు పొంగుతున్నాయి," అన్నాడు, ఆశగా.

"చూస్తున్నా."

"కట్టెయ్యవా?"

"మీరు పక్కనే ఉన్నారుగా."

పొయ్యి తుడవడానికి అతనికి అరగంట పట్టింది.

తొమ్మిదోరోజు బ్రహ్మాస్త్రం తీశాడు. "మీ తమ్ముడికి బుద్ధి కాస్త మందమని నాకెప్పటినుంచో అనుమానం."

"మీకు అనుమానమే. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు."

పదిహేడోరోజుకి అతనికి ఆకలి తగ్గిపోయింది. "నీకసలు నామీద కోపం రావడం లేదా?" అని అడిగాడు, దీనంగా.

"ఎందుకండీ రావడం?"

"ఏం లేదు. అప్పుడప్పుడూ వస్తే ఒంటికి మంచిదంటారు."

ఆమె ఇస్త్రీ పెట్టె అందుకుంది. రోజూ ఆ వేళకు అతను మూగ రాణిని టీవీలో పదేపదే తిప్పి చూసేవాడు. ఆమె పక్కనే నిలబడి ఇస్త్రీ చేసేది. ఈ మధ్య ఇంట్లో ముడతలున్న బట్ట ఒక్కటీ మిగల్లేదు.

పద్దెనిమిదో రోజు అతను ఏ తప్పూ చేయలేదు. చేసే ఓపిక లేదు. ఆమె వంటింట్లోకి వచ్చి, పంచదార డబ్బాకు ఎదురుగా నిలబడి, గోడ గడియారం వంక ఒకసారి చూసి, మొదలుపెట్టింది.

"ఇన్ని డబ్బాలు ఎవరికోసమండీ? చచ్చినవాళ్ల గొంతులన్నీ వీటిలో దాచుకున్నారు. బతికున్న మనిషి పిలిస్తే మాత్రం మీకు వినపడదు..."

సరిగ్గా తొమ్మిది నిమిషాలు. అతను తల వంచుకున్నాడు. అది సిగ్గు వల్ల కాదు, ఆనందం కనపడకుండా.

తర్వాత రెండు రోజుల్లో ఆ తిట్లను నలభైసార్లు విన్నాడు. ఎక్కడా కోయాల్సిన పని, అతికించాల్సిన పని పడలేదు. మాట మాటా వెళ్లి రాణి పెదవుల మీద కూర్చుంది. ఇదంతా తన పనితనమని నమ్మాడు. నలభైసార్లు విన్న మనిషి అందులో ఒక్క మాటైనా తనకు చెప్పినదేమోనని ఆలోచించలేదు. వినడం వేరు, వినపడటం వేరు.

సభకు సభ్యులు కుటుంబాలతో వచ్చారు. రాణి నోరు విప్పింది. 'చచ్చినవాళ్ల గొంతులు' అనగానే స్టేషన్ మాస్టరు లేచి నిలబడి, కళ్లజోడు తీసి, మళ్లీ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల మేఘాలు విడిపోయాయి.

ఎనిమిదో నిమిషం తర్వాత రాణి వీపు తిప్పి నిలబడింది. గొంతు మాత్రం సాగింది: "ముందా కిటికీకి అడ్డంగా ఉన్న అలమార తీయించండి. నా మొహం మీద వెలుతురు పడకపోతే పిల్లలు నా మాటలెలా చదువుతారు?"

దీపాలు వెలిగాయి.

"పెదవులు అక్షరం తప్పకుండా కలిశాయి," అన్నాడు పళ్ల డాక్టరు. నోళ్ల విషయంలో అతని మాటకు విలువ ఉంది. "మాటలు ఎక్కడ దొరికాయి?"

"పాత చేతిరాత ప్రతి ఒకటి... దొరికింది," అన్నాడు బూజుబాబు.

"మరి కిటికీ ఎక్కడిది? ఆ కోటలో కిటికీయే లేదే!"

"ఉందండీ," అంది వెనక వరుసలోంచి ఒక గొంతు. రాణిగారి గొంతే. సభ మొత్తం అటు తిరిగింది. "మా ఇంట్లో ఉంది. ఆదివారం వస్తే చూపిస్తాను."

ఇంటికి వెళ్లే దారిలో బూజుబాబు అడిగాడు. "పెదవులు చదివావా?"

"పదేళ్లుగా నా ఉద్యోగమే అదండీ. మీరడగలేదు. రికార్డరులో బ్యాటరీలు అయిపోతే కొత్తవి వేసింది కూడా నేనే."

"అయితే ఆ తిట్లన్నీ..."

"ఎనిమిది నిమిషాలు రాణిగారివే. ఆవిడ వీపు తిప్పాక పెదవులు కనపడవుగా. ఆ ఒక్క నిమిషం నాది."

అతను కాస్త తేలికపడ్డాడు. "అంటే, ఎనిమిది నిమిషాలు నన్ను కాదన్నమాట."

"ఆవిడ ఎవర్నన్నదో నాకేం తెలుసు? విన్నది మీరు."

ఆదివారం సంఘంలోని ఏడుగురూ భక్తితో వచ్చారు. కిటికీ కనపడాలంటే అలమార కదలాలి. స్టేషన్ మాస్టరు జెండా ఊపినట్టు చేయి ఊపగా ఆరుగురు ఒక పక్క, బూజుబాబు ఒక్కడూ మరో పక్క పట్టి, నాలుగు వందల పన్నెండు క్యాసెట్లతో సహా దాన్ని నడవలోకి జరిపారు. గదిలోకి వెలుతురు వచ్చి పడింది. అది మామూలు కిటికీయే. సంఘం మాత్రం దాన్ని చాలాసేపు చూసింది.

ముగ్గురు పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆమె వెలుతురులో నిలబడి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపి ఏదో చెప్పింది. ముగ్గురూ ఒక్కసారి గుమ్మంలో ఉన్న బూజుబాబు వైపు తిరిగి, పగలబడి నవ్వారు.

"ఏమంది? నా గురించేనా?" అని అతను డాక్టరును అడిగాడు.

డాక్టరుకూ తెలియలేదు. బూజుబాబు ఒక కుర్చీ తెచ్చుకుని, పిల్లల వెనక వరుసలో కూర్చున్నాడు.