కారుకు పెట్టిన బొట్టు

విశ్వకర్మ పూజనాటి ఉదయం వెంకటనారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కారుకు పూజ, మధ్యాహ్నానికల్లా జగ్దల్‌పూర్, సాయంత్రం ఆస్పత్రిలో చేరడం, మర్నాడు పొద్దున భార్య సోమక్క కుడికంటికి ఆపరేషన్. ఆరోగ్య కార్డు ఉంది కాబట్టి ఖర్చు కూడా లేదు. కాకపోతే విశాఖ నుంచి కంటి డాక్టరు నెలకొక్కసారే వస్తాడు. పోయిన నెల కారు టైరు పేలింది. ఆ కొలత టైరు హైదరాబాదు నుంచి వచ్చేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు. శుక్లం బాగా ముదిరిందని, ఈసారి కూడా తప్పితే చూపు దక్కదని ఆస్పత్రివాళ్ళు ఫోన్లో చెప్పేశారు. ఎడమకన్ను అప్పటికే మసక.

బచేలి ఇనుపగనిలో ముప్పై ఏళ్ళు యంత్రాలు బాగుచేసిన వెంకటనారాయణ, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం పోసి రాయ్‌పూర్‌లో ఎవరో వాడి వదిలించుకున్న ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కారు కొన్నాననుకున్నాడు గానీ, ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చుకున్నానని ఆర్నెల్లలో తెలిసొచ్చింది. పెట్రోలు అడగదు, నిజమే. గుంటలో పడితే అడుగు రేకు మార్చమంటుంది. కొండమీది ఎర్రదుమ్ము పడితే ఫిల్టరు మార్చమంటుంది. ఛార్జింగుకు పెడితే వీధిలో లైట్లన్నీ గుడ్డివైపోయి, జనమంతా ఆయన్ను తిట్టుకునేవారు. అయినా గనిలో చిన్న నట్టుకూ పూజ చేసే రోజున ఇంటి కారును వదిలేస్తే ఎలా?

సోమక్క తడిపసుపు గిన్నె పట్టుకుని, కారు ముఖాన నడిమి చోటు కోసం చేత్తో తడిమింది. కింద గుండ్రంగా ఏదో వేలికి తగిలింది. అక్కడే ఇంత పసుపు మెత్తి కుంకుమ అద్దింది. కొబ్బరికాయ కొట్టారు. కారు చక్రాల కింది నిమ్మకాయలు తొక్కి, పది గజాలు పోయి, కీచుమని ఆగిపోయింది. ఎదుట అడ్డం ఉందని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఎదుట ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు. మళ్ళీ నడిపితే మళ్ళీ అంతే.

"దిష్టి తగిలిందన్నా!" అని పక్కింటి దుర్గాభవాని తేల్చేసింది. "వీధిల అందరి కండ్లు దీని మీదనేనాయె. వదినా, ఇంకింత పసుపు పెట్టు, చిక్కగ."

సోమక్క చిక్కగా పెట్టింది. ఈసారి కారు అసలు కదలలేదు.

వెంకటనారాయణ సర్వీసువాళ్ళకు ఫోన్ చేశాడు. అటునుంచి ఒక అమ్మాయి తీయగా చెప్పింది. "మీరేమీ ముట్టుకోకండి సార్. ముట్టుకుంటే వారంటీ పోతుంది. మా బండి వచ్చి ఎత్తుకొస్తుంది. అంతవరకు ఓనరు తాళంతో అక్కడే ఉండాలి."

"అమ్మా, నేను ముప్పై ఏండ్లు మెకానిక్‌గ చేసిన."

"అందుకే సార్, ముట్టుకోవద్దంటున్నాను."

జగ్దల్‌పూర్ బస్సు వేళయింది. సోమక్క సంచీ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "వస్తవా, రావా?"

"వాళ్ళొచ్చేదాంక ఓనరు ఉండాల్నంట," అన్నాడాయన. ఆ మాట పైకి వచ్చేశాక గానీ తానేమన్నాడో తనకే తెలియలేదు.

సోమక్క గుమ్మం దిగింది. దుర్గాభవానే ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించింది, తనూ ఎక్కింది. మెట్టు మీద సోమక్క వెనక్కి తిరిగి, ఆయనెక్కడున్నాడో కంటికి ఆనక, కరెంటు స్తంభాన్ని చూస్తూ "అన్నం వండి పెట్టిన, తిను," అంది.

ఆ రాత్రి కురిసిన వానకు రాయ్‌పూర్ దారిలోని ఘాటీ రోడ్డు మీద కొండమట్టి కూలింది. రాయ్‌పూర్ నుంచి బయల్దేరిన బండి మూడు రోజులు అవతలే ఉండిపోయింది. వెంకటనారాయణ తాళం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అంత సిగ్గు ఆయనెప్పుడూ పడలేదు. ఆపరేషన్ బాగా జరిగిందని దుర్గాభవాని ఫోన్ చేసినప్పుడు, కారు వైపు వీపు తిప్పి ఏడ్చాడు.

నాలుగోనాటి పొద్దున ఎత్తుకుపోయే బండి వచ్చింది. డ్రైవరు సునీల్ గొలుసులు తీస్తుండగానే సోమక్క నల్లద్దాలతో, దుర్గాభవాని వెంట బస్సు దిగి వచ్చింది. అద్దాలెత్తి ముందు మొగుణ్ణి చూసింది.

"ఇంత చిక్కిపోయినవేందయ్యా? అన్నం తినలేదా?"

ఆమె చూపు కారు మీద పడింది.

"దీని మూతికి ఇంత పసుపు ఎవరు మెత్తిన్రు?"

"నువ్వే."

"ఈ గాజుబిళ్ళ మీదనా? ఇది దాని కన్ను గాదా? నా కంటికి కట్టు కట్టిననాడు నేను గూడ అడుగెయ్యలే. ముంగట గోడ ఉన్నట్టే ఉండె."

"పూజ పసుపు తుడుస్తరా వదినా?" అని దుర్గాభవాని నోరు నొక్కుకుంది. సోమక్క అప్పటికే తడికొంగుతో తుడిచేసింది. వెంకటనారాయణ ఎక్కి యాక్సిలరేటర్ నొక్కాడు. ముందు దారి చూసే కెమెరా తేటపడి, కారు ఏమీ ఎరగనట్టు మెత్తగా ముందుకు పోయింది. ముప్పై ఏళ్ళ మెకానిక్కుకు తల కొట్టేసినట్టయింది. ఏటా గనిలో ఖనిజం తవ్వే షవెల్ యంత్రాలకు గంపెడు పసుపు పూసినా, పాపం, అవెప్పుడూ కిక్కురుమనలేదు.

సునీల్ గొలుసులు మళ్ళీ చుట్టుకుంటూ "బాగైంది చాచా, అచ్ఛా హువా," అన్నాడు. "కానీ రాను పోను కిరాయి, మూడు రోజుల వెయిటింగు ఇయ్యాలె."

వెంకటనారాయణ బేరమాడలేదు. సంతకం పెట్టి, సోమక్క సంచీ అందుకుని, "వచ్చే నెల ఎడమకంటికి ఇద్దరం బస్సులనే పోదాం," అన్నాడు.

ఆ వారం ఆ ఇంట రెండు కళ్ళు నయమయ్యాయి. బిల్లు మాత్రం కారు కంటికే వచ్చింది.