సాయం కావాలా? తప్పు చెప్పండి!

ఇంటికొక లినక్స్ భక్తుడు ఉండి తీరాలని చట్టం తేవాలి! నవ్వకండి, నేను చాలా సీరియస్‌గా అంటున్నాను. లినక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్, ఎవరి సొత్తూ కాదు, కాకపోతే అన్నీ మనమే అమర్చుకోవాలి. కళ్ళు మూసుకుని కూర్చుంటే రాని ఓర్పు లినక్స్‌తో మొరాయించే ప్రింటర్ ముందు కూర్చుంటే వస్తుంది. ఆన్ చేయగానే పనిచేసే కంప్యూటర్ వల్ల మనిషికి ఏం ఒరుగుతుంది చెప్పండి?

ఈ భక్తుల సొంత వెబ్‌సైట్లు ఎప్పుడైనా చూశారా? నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. వ్యాసాలన్నీ ఒకే విషయం మీద: ఈ వెబ్‌సైట్‌ని ఎలా కట్టాను, ఎందుకు పడగొట్టాను, మళ్ళీ ఎలా కట్టాను. చదివేది కూడా ఇలాంటి సైట్లు కట్టుకుంటున్నవాళ్ళే. పరుల జోలికి పోని ఇంత సాధుజాతి ఇంకోటి ఉందా?

మా బావ ఆ జాతివాడే. అక్కకి ఇంటి ముందుగదిలో టైలరింగ్ షాపు. ఈమధ్య ఒక ఆసుపత్రివాళ్ళు నర్సుల కోట్ల మీద పేర్లు కుట్టమని ఇచ్చారు. సోమవారం పొద్దున్నకల్లా అందిస్తే ఇకమీద వాళ్ళ పనంతా అక్కకే. ఆలస్యమైతే ఎదురుసందు షాపుకే. సరిగ్గా ఆ వారమే బావ అక్క కంప్యూటర్లో పాత సిస్టమ్ పీకేసి లినక్స్ పెట్టి, "ఇక నీకు స్వేచ్ఛే స్వేచ్ఛ!" అన్నాడు. స్వేచ్ఛ అక్కకి రాలేదు గానీ ఎంబ్రాయిడరీ మిషన్‌కి వచ్చేసింది. కంప్యూటర్ ఏం చెప్పినా వినడం మానేసింది.

"ఏమండీ, మిషన్ కదలట్లేదు. ఒక్కసారి వచ్చి చూడండి."

"చూస్తా, చూస్తా. ఇక్కడ ఆన్‌లైన్లో ఎవరికో కంప్యూటర్లో సౌండ్ రావట్లేదట, పాపం ఏడుస్తున్నాడు."

వారమంతా ఇదే పాట. ఎంత జాలిగుండె!

ఆదివారం పొద్దున అక్క కొంగు బిగించి తనే లినక్స్ ఫోరంలో చేరింది. అందరూ మారుపేర్లతో చేరి ఒకరికొకరు సాయం చేసుకునే చోటు అది. అక్క 'సూదీదారం' అని పేరు పెట్టుకుని, దయచేసి, క్షమించండి అంటూ కష్టమంతా రాసింది.

"మాన్యువల్ చదివారా?" అని ఒకరు. "ఇదివరకే అడిగారు, వెతుక్కోండి" అని ఇంకొకరు. వెతికింది. దొరికింది కూడా! ఎవరో అచ్చం ఇదే గోడు వెళ్ళబోసుకుని, కింద "సరిపోయింది, థాంక్స్" అని చక్కా పోయారు. ఎలా సరిపోయిందో చెప్పేస్తే మన బుర్రకి పనేముంటుంది? ఈలోగా మరో ఇద్దరు ఏ రకం లినక్స్ గొప్పదో తేల్చుకోవడానికి జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

పేర్లు లేని కోట్లు కుర్చీ మీద గుట్టగా పడి ఉన్నాయి. వాటిని చూస్తే అక్కకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఇలా రాసి పారేసింది:

"ఎంబ్రాయిడరీ మిషన్ నడపడం లినక్స్ వల్ల కాదు. అసాధ్యం. కొనుక్కున్న సిస్టమే నయం."

అంతే! ఫోరం ఒక్క ఉదుటున లేచింది. అడిగినప్పుడు ఆవులించినవాళ్ళంతా తప్పు చెప్పేసరికి పరుగులు తీస్తూ వచ్చారు. అందరికంటే ముందు వచ్చినవాడు 'పెంగ్విన్ పెదనాన్న' (లినక్స్ గుర్తు పెంగ్విన్ పక్షే లెండి). ఆ ఓపిక, ఆ మర్యాద ఏం చెప్పను!

"అమ్మా సూదీదారం గారూ, కంగారు పడకండి. మీ తప్పేం లేదు. మిషన్‌ని ముట్టుకునే అనుమతి మీ పేరు మీద ఇవ్వలేదు, అంతే. మీకు ఈ సిస్టమ్ పెట్టిన మహానుభావుడెవరో గానీ, పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. ఇలాంటి బాధ్యత లేని మనుషుల వల్లే మనకి చెడ్డపేరు!"

కింద కంప్యూటర్‌కి ఇవ్వాల్సిన ఆజ్ఞ ఒకే ఒక్క లైను ఇచ్చి, దాన్ని ఎక్కడ టైపు కొట్టాలో, తర్వాత ఏం చేయాలో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. అక్క అలాగే చేసింది. మిషన్ టకటకమంటూ మొదటి పేరు కుట్టేసింది. అక్క కుర్చీలో కూలబడి నవ్వింది.

ఇంత మంచిమనిషి ఎవరా అని ఆయన పేరు కింద ఉన్న వెబ్‌సైట్ తెరిచింది. 'నా గురించి' అనే పేజీలో ఆయన బల్ల ఫోటో. బల్ల మీద మూడు కంప్యూటర్లు, వెనక కిటికీకి అక్క తన చేత్తో కుట్టిన కర్టెన్! ఫోటో కింద ఇలా ఉంది: "మా ఇంట్లో ఇంకో యూజర్ కూడా ఉన్నారు. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు."

అక్క ఫోరంలో జవాబు రాసింది: "పెదనాన్నగారూ, మిషన్ నడుస్తోంది. థాంక్స్. ఆ ఇంకో యూజర్ వారం నుంచి మీ కుర్చీ వెనక నిలబడి ఫిర్యాదు చేస్తూనే ఉంది."

పక్కగదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి బావ గుమ్మంలోకి వచ్చాడు. మిషన్ వంక చూశాడు, అక్క వంక చూశాడు. పాపం, నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇంత ఇబ్బంది పడ్డావా? నాకు ముందే చెప్పొచ్చు కదే!"

అందుకే అంటున్నాను, ఫోరాలు వెయ్యేళ్ళు వర్ధిల్లాలి! కట్టుకున్నవాడి చెవిన ఒక్క ముక్క పడాలంటే ఆడది ఇంకెక్కడికని వెళ్తుంది?