కొండ మీది బడికి ఇంకో కోటు

దక్షిణ అమెరికాలోని ఒక చిన్న దేశంలో, ఒక కొండ ఊరి బడికి విదేశీ స్వచ్ఛంద సేవకులు రంగు మీద రంగు వేసుకుంటూ పోవడం వల్ల గోడలు లోపలికి పెరిగి, గదిలో ముప్పావు వంతు రంగే నిండిపోయింది. మిగిలిన పావు వంతులో పాఠాలు మామూలుగానే జరుగుతున్నాయి. పిల్లలు పక్కకి తిరిగి లోపలికి వెళ్తారు, వరుసగా నిలబడి చదువుకుంటారు. కిటికీ ఉన్నచోట ఇప్పుడు చేయంత పొడవు సొరంగం ఉంది. టీచరమ్మ యులాలియా బయట స్టూలు వేసుకుని ఆ సొరంగంలోంచి పాఠం చెబుతుంది. బడి చూడముచ్చటగా ఉందన్న మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

ఊరివాళ్ళు నిజంగా కావాలని అడిగింది మొదటి కోటు రంగు ఒక్కటే. అయితే వీపున సంచి తగిలించుకుని దేశాలు తిరిగే కుర్రకారు కొండలు చూడ్డానికి ఎలాగూ వస్తున్నారు, వచ్చినవాళ్ళు కాస్త సేవ కూడా చేసి వెళ్తామంటున్నారు. వాళ్ళకి గోడ కట్టడం రాదు, పొలం దున్నడం రాదు, ఊరి భాష అసలే రాదు. రంగు వెయ్యడానికి ఇవేవీ అక్కర్లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఉత్త చేతులతో పంపడం ఆ దేశంలోనూ మర్యాద కాదు కాబట్టి, రాజధానిలో అనుభవాల శాఖ అని ఒకటి పెట్టి, వచ్చిన ప్రతి సేవకుడూ ఒక పూర్తి కోటు వేసి తీరాలని నియమం చేశారు. బయటి గోడ మీద వేస్తే వానకి కొట్టుకుపోతోందని ఫిర్యాదులు రావడంతో లోపలి గోడలే ఖాయం చేశారు.

కోటు ఆరాక గదిలో పట్టని పిల్లల సంగతి కూడా శాఖ ఆలోచించే పెట్టింది. పట్టని విద్యార్థిని బడి మానేసినట్టు రాయరు. ఆ పిల్లని సేవా విభాగంలోకి తీసుకుంటారు. సేవకుల సంచులు బస్సు దగ్గర్నుంచి మొయ్యడం, స్వాగతగీతం పాడటం, ఫొటోల్లో నవ్వుతూ నిలబడటం ఆ విభాగం పనులు. బడిలో పాతికమందికి పైగా ఉండేవాళ్ళు, ఇప్పుడు ఎనిమిది మంది ఉన్నారు. తర్వాత బయటికి రావలసిన పిల్ల రొసౌరా అని ఊరందరికీ తెలుసు. వయసు పదేళ్ళు, భుజాలు కాస్త వెడల్పు.

ఇలాంటి ఊరికి తరళ వచ్చింది. తరళ ఒంగోల్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. సెలవుల్లో సగం తిరుగుడు, సగం సేవ అని ముందే అనుకుని, ఫోనులో కాస్త ఆ దేశపు భాష కూడా నేర్చుకుని బయల్దేరింది. కోళ్ళతో, మేకలతో పాటు కొండ బస్సెక్కి వాంతులు చేసుకుంటూ దిగేసరికి, బస్టాపులో ఒకాయన నిలబడి తెలుగులో స్వాగతం చెప్పాడు. మనవాళ్ళు లేని చోటంటూ ఉండదని ఊరికే అనరు. ఆయన పేరు రాజలింగం, జగిత్యాల దగ్గర పల్లె. తనూ ఒకప్పుడు సంచి తగిలించుకుని వచ్చినవాడే. ఇప్పుడు శాఖ తరఫున ఆ ఊరి సేవకుల పర్యవేక్షణ చూస్తున్నాడు. తను వేసిన లేతాకుపచ్చ కోటు గోడలో ఎంత లోతున ఉంటుందో మోచెయ్యి మడిచి చూపించాడు.

తరళకి బస రొసౌరా ఇంట్లోనే ఇచ్చారు. తల్లి దొమింగా సేవకులకి వంట చేస్తుంది. రొసౌరాకి భాగహారం మీద మహా మోజు. తింటూ, నడుస్తూ, మేకని కడుతూ ఏదో ఒక అంకెని ఇంకో అంకెతో భాగిస్తూనే ఉంటుంది. భాగహారం మొత్తం అయిపోయేదాకా గదిలో ఉండాలన్నది ఆ పిల్ల కోరిక. అంతకు మించి ఏ కోరికా లేదు. తను లెక్కల టీచర్నే కదా, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేస్తానని తరళ ముందుకొచ్చింది. రాజలింగం నచ్చజెప్పాడు. పాఠం చెప్పడానికి అర్హత పత్రాలు ఆ దేశపు ముద్రతో ఉండాలట, రంగుకైతే ఏ పత్రమూ అక్కర్లేదట. పైగా గదిలో విన్నదే చదువు కిందికి వస్తుంది. బయట విన్నది కబుర్ల కిందికి వస్తుంది.

మర్నాడు పొద్దున తరళ ఒక పొరపాటు చేసింది. అది మన వైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పండక్కి గోడలకి సున్నం వేసే ముందు పాతదాన్ని గీకడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. గీకకుండా వేస్తే పెచ్చులూడుతుందని పెద్దవాళ్ళు చంపుకు తినేవాళ్ళు. ఆ అలవాటు కొద్దీ తరళ దొమింగా వంటింట్లోంచి ఒక మొండి కత్తి తెచ్చుకుని, డబ్బా మూత తియ్యకముందే గోడ గీకడం మొదలుపెట్టింది. నారింజ కింద నీలం, నీలం కింద గులాబీ, ఉల్లిపాయలా పొరలు లేచొచ్చాయి. గోడలో చిన్న గుంట పడింది. రొసౌరా అందులో మోచెయ్యి పెట్టి, చాలా రోజుల తర్వాత పలకని ఎదురుగా పట్టుకుని రాసింది. మిగతా పిల్లలు తమ పక్కనా గీకమని అడిగారు. తరళకి పట్టరాని సంతోషం కలిగింది. వచ్చిన పని ఇదేనేమో అనిపించింది.

గీకుడు చప్పుడుకి రాజలింగం పరుగెత్తుకొచ్చాడు. గుంటలో వేళ్ళు పెట్టి లోతు చూశాడు. ఆయనకి కోపం రాలేదు, దిగులు కలిగింది. రాలిన పెచ్చులని జేబురుమాల్లోకి ఏరుకుంటూ అన్నాడు.

"నువ్వు గీకింది సున్నం గాదు చెల్లె. గా నీలం రంగు ఏసినామె జిందగిల చేసిన మంచిపని గదొక్కటే. రేపు పిల్లగాండ్లను తోల్కొని చూడనీకి వస్తది. గప్పుడు ఆమెకు ఏం చూపెట్టాలె?"

"మరి పిల్లలు కూర్చునేదెట్టా అన్నా?" అంది తరళ.

"కూసుంటున్నరు గద. నిలబడి కూసుంటున్నరు."

శాఖ ఆలస్యం చెయ్యలేదు. పొరలు పోయిన ముగ్గురికీ సంతాప సందేశాలు వెళ్ళాయి. వాళ్ళలో ఒకామె ఏడ్చిందని, ఒకాయన తన జీవితానికి అర్థం లేకుండా పోయిందని వైద్యుడి దగ్గరికి వెళ్ళాడని కబురొచ్చింది. పోయిన మూడు పొరలనీ అవే రంగుల్లో తిరిగి వెయ్యాలని, ఆ పైన తన కోటు వెయ్యాలని తరళకి ఉత్తర్వు అందింది. గుంటలో మాత్రమే వేస్తే గోడ ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది కాబట్టి నాలుగు గోడలకీ నాలుగు కోట్లూ వెయ్యాలి. ఒక్క కోటుకైతే రొసౌరా ఊపిరి బిగబట్టుకుని ఎలాగో సర్దుకునేది. నాలుగు కోట్లకి అది అయ్యే పని కాదు. మేలు చెయ్యబోయి పిల్లని బయటికి గెంటే దాకా తెచ్చుకున్నానని తరళకి ఆ ఉత్తర్వు చదువుతుంటేనే అర్థమైంది.

అప్పటినుంచీ ఆమె చోటు మిగిల్చే దారులే వెతికింది. రంగులో నీళ్ళు కలిపి పల్చన చేసింది, కానీ శాఖ మనిషి వచ్చి బొటనవేలితో నొక్కి చూసి చిక్కన చేయించాడు. కోటు ఆరినప్పుడల్లా గదిని జానలతో కొలిచేది, కొలిచినప్పుడల్లా తగ్గేది. ఇంట్లో అన్నాలకి కూర్చున్నప్పుడు ఆమె కళ్ళు రొసౌరా పళ్ళెం మీదే ఉండేవి. దొమింగా చూడనప్పుడు పిల్ల పళ్ళెంలోంచి ఉడకేసిన బంగాళాదుంప ఒకటి తీసి తన పళ్ళెంలో వేసుకునేది. దొమింగా అతిథి ముందు పిల్ల ఆకలితో ఉండకూడదని రెండు వేసేది. స్వెటరు విప్పి బడికి వెళ్తే కాస్త చోటు కలిసొస్తుందని తరళే సలహా ఇచ్చింది. రొసౌరా చలిలో పల్చటి గౌనుతో వెళ్ళి దగ్గు తెచ్చుకుంది. దగ్గినప్పుడు ఇంకా ఎక్కువ చోటు కావలసివచ్చింది. ఒక పిల్ల సన్నబడాలని దేవుడికి మొక్కుకుంటున్నానని గుర్తొచ్చి తరళకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మొక్కడం మానలేదు.

మూడు కోట్లు పూర్తయ్యాక, ఇక వెయ్యనని రాజలింగానికి చెప్పేసింది. నాలుగోది తన కోటు, తన ఇష్టం. అలా అన్నప్పుడు ఆమె గొంతు గట్టిగానే ఉంది. ఆయన టీ పోసి ఇచ్చి, ఓపిగ్గా వివరించాడు. సేవకురాలు సేవ చెయ్యకుండా వెళ్ళిపోతే ఊరి పేరు శాఖ జాబితాలోంచి తీసేస్తారు. అప్పుడు ఊరివాళ్ళకి వండిపెట్టే వంటలు ఉండవు, మోసే సంచులు ఉండవు. అసలు దీనికి అంతు లేదా అని ఆమె అడిగింది. ఎందుకు లేదన్నాడాయన. గది నిండిపోయిన రోజున బడి పూర్తయినట్టు లెక్క. మంత్రి వచ్చి ప్రారంభిస్తారు, తర్వాత పక్క ఊరి ఆసుపత్రి మొదలుపెడతారు.

సాయంత్రం దొమింగా వచ్చి తరళ పక్కన కూర్చుంది. చేతులకి ఇంకా మొక్కజొన్న పిండి అంటుకుని ఉంది. ఆమెకి విషయం అంతా చేరింది.

"నువ్వే వెయ్యమ్మా," అంది. "నువ్వు వెయ్యకపోతే ఇంకొకళ్ళు వేస్తారు. వాళ్ళకి వంట ఎవరింట్లో పెడతారో తెలీదు. ఎలాగూ ఎదిగే పిల్ల ఏ గదిలోనూ పట్టదు."

తల్లే అలా అన్నాక తరళ చెయ్యగలిగింది ఏమీ కనిపించలేదు. నిజానికి మనసులో ఏ మూలో కాస్త తేలికపడింది కూడా. ఆ తేలికకి సిగ్గుపడింది, కానీ దాన్ని వదులుకోలేదు.

నాలుగో కోటు పసుపు. రంగు పేరుతో పాఠాలు ఆపడానికి లేదు కాబట్టి పిల్లలు లోపల ఉండగానే వెయ్యాలి. తరళ పక్కకి తిరిగి లోపలికి దూరి, పిల్లల తలల మీదుగా, భుజాల చుట్టూ బ్రష్షు నడిపింది. రొసౌరా రెండు గోడల మధ్య పలకని ఛాతీకి నిలువుగా ఆనించుకుని, ఊపిరి మొత్తం బయటికి వదిలేసి, బిగబట్టుకుని నిలబడింది. కొత్త రంగు రెండు వైపులా ఆమెకి తగులుతోంది. ఇంకొంచెం ఓర్చుకుంటే ఈ పూటకి గండం గట్టెక్కేది.

కిటికీ సొరంగంలోంచి యులాలియా వరుసగా ఒక్కొక్కరినీ భాగహారం అడుగుతోంది. రొసౌరా వంతు వచ్చింది. నూట నలభై నాలుగుని పన్నెండుతో భాగిస్తే ఎంత? జవాబు ఆ పిల్లకి తెలుసని గదిలో అందరికీ తెలుసు. కానీ నోరు తెరిచి చెప్పాలంటే ముందు ఊపిరి పీల్చాలి. తరళ బ్రష్షు ఆపి, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. పిల్ల ఒకసారి తరళ వైపు, ఒకసారి సొరంగం వైపు చూసింది. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం ఆమెకి చేతకాలేదు.

"పన్నెండు," అంది.

గోడలు రెండు భుజాలకీ గట్టిగా పట్టేశాయి. యులాలియా సరైన జవాబని మెచ్చుకుని, బయటికి రమ్మంది. మిగతా పిల్లలు చేతులు పట్టి లాగారు. పసుపు మరకలతో రొసౌరా వెలుతురులోకి వచ్చి నిలబడగానే రాజలింగం అభినందించి, సేవా విభాగంలో చేరినందుకు మెడలో రుమాలు కట్టాడు. తరళతో కలిపి ఫొటో తీశారు. ఫొటోలో ఇద్దరూ నవ్వుతున్నారు. గదిలో నిలబడి నిలబడి ఒదిగిపోయిన పిల్ల పూర్తిగా నిటారుగా నిలబడటంతో, నిన్నటికంటే పొడుగ్గా కూడా కనిపించింది.

మర్నాడు తరళ సంచిని బస్టాపు దాకా మోసే పని రొసౌరాకే పడింది. వద్దు, నేను మోసుకుంటానని తరళ రెండుసార్లు అంది. మోయనివ్వకపోతే తన మొదటి రోజు పని చెడుతుందని పిల్ల చెప్పడంతో ఊరుకుంది. బస్సు కొండ మలుపులో కనిపించినప్పుడు రొసౌరా అడిగింది.

"టీచర్, అందరికీ సమానంగా పంచాక ఇంకా ఏమైనా మిగిలిపోతే ఏం చెయ్యాలి? అది వచ్చే నెల పాఠం."

తరళ దీన్ని ఏళ్ళ తరబడి ఎంతోమందికి చెప్పింది. జవాబు ఆలోచించకుండానే నోట్లోకి వచ్చింది.

"ఏమీ చెయ్యక్కర్లేదు. దాన్ని పక్కన రాసి వదిలెయ్యడమే."

"తప్పు కాదా?"

"కాదు. లెక్క సరిపోయినట్టే."

రొసౌరా అర్థమైందని తలూపి, సంచిని బస్సు పైకి అందించింది. తరళ కిటికీ పక్కన కూర్చుంది. ఇన్ని రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగినట్టు అనిపించింది. ఎవరేమన్నా వచ్చినందుకు ఒక పిల్లకి ఒక లెక్క నేర్పించగలిగింది. మొదటి మలుపు తిరిగేలోపే ఆ అనుభవం గురించి ఫోనులో రాసుకోవడం మొదలుపెట్టింది.