పచ్చరాయి జంట కూజాలు

పదింటికి పాత సామాను బాగుచేసే మేస్త్రి వస్తాడు, పదకొండింటికి లారీ వస్తుంది. ఈలోగా తన వంతు కూజాను తళతళలాడించాలనుకుంది అక్క. రెండూ సమానమేనని మేస్త్రి చెబితే చెరొకటీ పంచుకుంటారు. లారీ రాగానే చెల్లెలు వేరే ఊరికి వెళ్ళిపోతుంది. ముప్ఫై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికినవాళ్ళు, కిటికీ మూయాలని అక్క, తెరవాలని చెల్లెలు మాటామాటా అనుకుని విడిపోతున్నారు. "ఉండిపోవే" అన్న ముక్క వారం నుంచి అక్క గొంతులో అడ్డం పడి ఉంది.

కూజాలు నాన్న కొన్నవి. ఒళ్ళంతా మాలకైట్ అనే చారల పచ్చరాయి. పిడులూ, పొట్టేలు తలలూ, ఆకుల దండా బంగారు పూత పూసిన కంచు. రాయికేమవుతుందిలే అని అక్క తనదాన్ని వేడినీళ్ళ బకెట్లో ముంచింది. పైకి తీసేసరికి పచ్చదనమంతా పెచ్చులై బకెట్లోనే ఉండిపోయింది. లోపలి బూడిదరంగు రాయి పళ్ళికిలించింది.

అక్కకు పైప్రాణాలు పైనే పోయాయి. చెల్లెలు స్నానానికి వెళ్ళింది. ఆమె కూజా తువ్వాలు చుట్టి అట్టపెట్టెలో సర్దేసి ఉంది. ఇంట్లో తువ్వాళ్ళన్నీ ఒకే రంగువి. అక్క ఆ మూటను మూటగానే తీసుకుని, తనదాన్ని పెచ్చులతో సహా చుట్టి పెట్టెలో పెట్టేసింది.

"అక్కా, మేస్త్రి వచ్చాడు!" స్నానం ముగించి వచ్చిన చెల్లెలు, ఎందుకో పెట్టెవైపు చూడకుండానే కేకేసింది.

మేస్త్రి మొదట అక్క చేతిలోని మూట విప్పాడు. పచ్చరాయి నిక్షేపంగా ఉంది. బంగారమే లేదు. పొట్టేళ్ళు మాడిపోయిన రొట్టెల్లా ఉన్నాయి.

"ఎవరమ్మా, పూతంతా ఇలా గీకేసింది?"

చెల్లెలు తెల్లబోయింది. "అది నాది కదా! నీ చేతికెలా వచ్చింది?"

"ముందు ఇది చెప్పు, తోమింది నువ్వేనా?"

"మసిబారినట్టుంటే నిమ్మకాయ పిండి, గిన్నెల పీచుతో... నీకు తెలిస్తే చంపేస్తావని పొద్దున్నే మూటగట్టా. మరి నా పెట్టెలో ఏముంది?"

అక్కే పెట్టె తెరిచింది. రెండో మూట విప్పగానే పెచ్చులు జలజలా రాలాయి.

"దొంగా!"

"తోముడు రాక్షసీ!"

వీధిలో లారీ హారన్ మోగింది. మేస్త్రి తల గోక్కున్నాడు. "ఈ రాయిని పల్చటి పలకలుగా కోసి జిగురుతో అంటిస్తారమ్మా, వేడినీళ్ళు తగిలితే ఊడిపోతుంది. కంచు ముక్కలు మాత్రం మరలతో బిగించినవే. దీని రాయికి దాని బంగారం తగిలిస్తే ఒక మంచి కూజా అవుతుంది. రెండు మాత్రం కావు."

"ఆ ఒక్కటీ నీకిస్తే నేనూరుకోను," అంది చెల్లెలు.

"నీకిస్తే నేనూరుకుంటానా? ఇక్కడే ఉంటుంది. కావాలంటే కాపలాకి నువ్వూ ఉండు." గొంతులోని ముక్క అలా ఊడిపడింది.

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "ఉండక చస్తానా? నీకొదిలేస్తే దాన్నీ ఉడకబెడతావు." అంటూ వెళ్ళి లారీని పంపేసింది.

బాగుచేసిన కూజాకు అక్కే చోటు చూపించింది, కిటికీ అంచు మీద. గాలికి పడిపోతుందని ఆ కిటికీని ఇక ఎవరూ తెరవలేదు.