పద్నాలుగు, ఒకటి, వంద

ఆ ఉదయం గడియారాలు బాగుచేసే బావ పథకం ఒక్కటే: తొమ్మిదిలోగా కారుకు బూస్ట్ మీటరు బిగించాలి. టర్బో ఇంజిన్లోకి ఎంత ఒత్తిడితో గాలి నెడుతోందో ఆ మీటరు చెబుతుంది. పదకొండింటికి అదే కారులో అతని భార్యకు డ్రైవింగ్ పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఆర్నెల్లు ఆగాలి.

అతను మెకానికల్ మీటరు కొన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే బావమరిది ఎలక్ట్రానిక్ మీటరుతో దిగాడు.

"గాలి గొట్టంలోంచి నేరుగా వచ్చి ముల్లును తోస్తుందిరా. మధ్యలో దళారీ లేడు."

"గొట్టం ఊడిందంటే నీ ముల్లు పడకేస్తుంది బావా. నాదైతే ఇంజిను దగ్గర సెన్సరు, లోపలికి వైరు. అంతే."

"రెండూ బిగించుకోండి. పదకొండింటికి మాత్రం కారు పరీక్ష గ్రౌండులో ఉండాలి," అంది భార్య. ఆమె బడిలో ఫిజిక్స్ టీచరు.

రెండూ బిగించి కారును ఎత్తురోడ్డు ఎక్కించారు. ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడింది. తెర మీద ఒకటి.

"నీది నిద్రపోతోందిరా!"

"నీదానికి పూనకం వచ్చింది బావా!"

తీర్పు కోసం ఆమెకు ఫోన్ చేశారు. "ఇంకోసారి కొలవండి," అని పెట్టేసింది.

కొలిచారు. అదే పద్నాలుగు, అదే ఒకటి. మెకానిక్ దగ్గరికి పరిగెత్తారు. అతను తన మీటరు తగిలించి, ఒళ్లో పెట్టుకుని, అదే ఎత్తు ఎక్కించాడు.

"వంద!" అని అరిచి బ్రేకు తొక్కి దూకేశాడు. "టర్బో పేలిపోద్ది! ఇంజిను ఆపండి!"

ఇంక స్టార్ట్ చేసే ధైర్యం ఎవరికీ లేదు. కిలోమీటరున్నర తోశారు. గ్రౌండు చేరేసరికి పదకొండుకు రెండు నిమిషాలుంది. అప్పటికే అక్కడ ఎదురుచూస్తున్న ఆమె తాళంచెవి అందుకుంది.

"ముట్టుకోకే, పేలుద్ది!"

ఆమె మూడు మీటర్లూ వంగి చూసింది. "పద్నాలుగు పీఎస్‌ఐ, ఒక బారు, వంద కిలోపాస్కల్. మూడూ ఇంచుమించు ఒకే ఒత్తిడి. ఒకే దూరాన్ని మైళ్లలో, కిలోమీటర్లలో చెప్పినట్టు. రోజంతా కంటికి భూతద్దం పెట్టుకునే మనిషికి ముల్లు కింద అక్షరాలు కనబడలేదా?"

పావుగంటలో పాసై వచ్చింది.

"ఫోన్ చేసినప్పుడే నీకు తెలుసా?" అన్నాడు భర్త.

"పద్నాలుగు, ఒకటి అనగానే తెలిసింది."

"మరి చెప్పవేం అక్కా!"

"చెబితే ఇద్దరూ ఇంటికొచ్చి నాకు డ్రైవింగ్ నేర్పేవాళ్లు. పోయిన రెండుసార్లూ నేర్పారుగా."

తిరుగు ప్రయాణంలో బావా బావమరుదులు వెనకసీట్లో కూర్చున్నారు. అక్కణ్నుంచి ఏ మీటరూ కనబడదు.